మావ బూర

మా మావ ఇంట్లో మధ్య దూలానికి ఒక మేకుంది. ఆ మేక్కి ఒక బ్యూగిల్ వేలాడుతూ ఉంటుంది. రాగి రేకుది, అంచుకి ఇత్తడి పట్టీ, మెడ దగ్గర ఒక సొట్ట. చూసినవాళ్ళంతా ఆ సొట్ట ఏ కాల్పుల్లో పడిందని అడుగుతారు. ఘాట్ రోడ్డు మలుపులో బస్సు టాపు మీంచి జారి పడింది, అంతే. మావ ముప్పైమూడేళ్ళు సాయుధ పోలీసు బెటాలియన్‌లో పనిచేశాడు. అందులో ఎక్కువ కాలం బ్యూగ్లరుగానే. సర్కారు బూర సర్కారుకే అప్పజెప్పి వచ్చాడు. ఇది మాత్రం ఆయన సొంతం. ఉద్యోగంలో చేరిన కొత్తలో, సాధనకని విశాఖపట్నంలో పాత సామాన్ల కొట్లో కొనుక్కున్నాడు.

నేను నాలుగో తరగతిలో ఉండగా సంక్రాంతి సెలవుకి వచ్చాడు. తెల్లారగట్ట, మంచు ఇంకా లేవకముందు, గెడ్డ పక్కన బండ మీద నిలబడి ఊదాడు. అంత పెద్ద చప్పుడు ఒక మనిషి నోట్లోంచి రావడం నేనెప్పుడూ వినలేదు. ఊరి కుక్కలన్నీ ఒక్కసారి లేచాయి. ఎదురు కొండ అదే పాటని ఒక్క క్షణం ఆలస్యంగా తిరిగి పాడింది. పిల్లలం గోచీల మీదే పరిగెత్తాం. మా వెనకే మా అమ్మమ్మ కూడా పరిగెత్తుకొచ్చింది, చేతిలో చీపురుతో.

"ఆపరా! ఆ కూత మన కొండ మీద కుయ్యకు" అంది.

కన్నకొడుకు. ఆర్నెల్ల తర్వాత ఇంటికొచ్చాడు. అయినా అంది.

అమ్మమ్మ వాళ్ళ అమ్మది చింతపల్లి వైపు ఊరు. ఆవిడ చిన్నప్పుడే పితూరీ వచ్చింది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు మనవాళ్ళని వెంటబెట్టుకుని చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా పడ్డాడు. ఆ తర్వాత 1924 మే దాకా మన్యం అంతా పోలీసు పటాలాలే. మలబారు నుంచి కూడా పటాలాన్ని తెచ్చారు. పుస్తకాల్లో రాజుగారి మాట ఉంటుంది, తుపాకుల లెక్క ఉంటుంది. మా ఇంట్లో మిగిలింది మాత్రం ఒక చప్పుడు. క్యాంపు బూర కూసిందంటే మగాళ్ళు అడివిలోకి పోవాలి, ఆడాళ్ళు గింజలు మట్టిలో దాచాలి. మా ముత్తవ్వ ఆ మాట కూతురికి చెప్పింది. ఆ కూతురి కొడుకు అదే బూర పట్టుకుని పండక్కి ఇంటికొచ్చాడు.

మావ ఏమీ అనలేదు. బూరని కండువాలో చుట్టి లోపల పెట్టేశాడు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా కొండకి అవతలి వైపు పోయి ఊదుకునేవాడు. "అమ్మ తప్పేటన్లేదురా, ఆ బూర ఎవుడిదో అమ్మకి తెలుసు" అని చాలా ఏళ్ళ తర్వాత నాతో అన్నాడు. ఆ మాట నాకు అప్పుడు సగమే అర్థమైంది.

మావ బ్యూగ్లరు అయిన తీరు కూడా చెప్పాలి. శిక్షణలో చేరిన రెండో వారం బ్యాండు హవల్దారు వచ్చి వరసలో నిలబడ్డ కుర్రాళ్ళని అడిగాడట, ఊపిరి ఎవరికి ఎక్కువుందిరా అని. మైదానం కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మావ చెయ్యెత్తాడు. హవల్దారు బూర చేతికిచ్చి ఊదమన్నాడు. మామూలుగా మొదటిసారి ఊదితే గాలి మాత్రమే వస్తుంది, లేదా గేదె దగ్గినట్టు వస్తుంది. మావ ఊదితే స్వరం వచ్చింది. ఒకటి కాదు, రెండు.

ఎలా వచ్చిందంటే ఆయన పదేళ్ళ వయసు నుంచీ మా ఊరి జోడుకొమ్ముల్లో ఒక కొమ్ము ఊదేవాడు. మన దింసాలో మోరీ, కిరిడీ, తుడుము, డప్పు, జోడుకొమ్ములు కలిస్తేనే కదా అడుగు పడేది. కొమ్ముకి గానీ బ్యూగిల్‌కి గానీ పిల్లనగ్రోవికి ఉన్నట్టు చిల్లులుండవు, మీటలుండవు. రెంటికీ పని చేసేది పెదవే. పెదవులు బిగించి, మధ్యలోంచి గాలి తోస్తే అవి తుమ్మెదలా అదురుతాయి. ఆ అదురుని గొట్టం పెద్దది చేస్తుంది. ఎక్కువ బిగిస్తే పై స్వరం, వదులు చేస్తే కింది స్వరం. ఇది తెలిసినవాడికి కొమ్మైతేనేం, రాగి బూరైతేనేం. పోలీసు శిక్షణలో ఏజెన్సీ కుర్రాడు అంతకుముందే నేర్చుకొచ్చిన విద్య అదొక్కటే ఉపయోగపడిందని మావ నవ్వుతాడు. దానికి కూడా సర్టిఫికెట్ ఏదని ఎవరూ అడగలేదు.

తోటి టీచర్లకి ఇక్కడ ఒక పాఠం ఇస్తాను, నేను మా బాలికల ఆశ్రమ పాఠశాలలో చేసి చూసినదే. బ్యూగిల్ గొట్టాన్ని సాగదీస్తే సుమారు నాలుగున్నర అడుగులుంటుంది. చేత్తో పట్టుకోవడానికి వీలుగా చుట్టారు, అంతే తప్ప ఆ చుట్టలో మంత్రమేమీ లేదు. తోటకి నీళ్ళు పట్టే పైపు నాలుగున్నర అడుగులు కోసి, ఒక కొసకి కిరసనాయిలు గరాటు దిగేసి, రెండో కొసన పెదవులు అదిరిస్తే అది కూడా బ్యూగిలే. మూడు నాలుగు స్వరాలు పలుకుతుంది. మాకు పలికాయి. పిల్లలు రోజంతా దాన్ని వదల్లేదు. వార్డెన్ గారు నన్ను రెండు రోజులు వదల్లేదు.

ఆ గొట్టం నచ్చిన స్వరమల్లా పలకదు. గొట్టం పొడవుని బట్టి కొన్ని అదురులే నిలుస్తాయి. బ్యూగిల్ పాటల్లో వాడేవి ఐదే స్వరాలు. మన లెక్కలో చెప్పాలంటే స, ప, పై స, గ, పై ప. వాటి అదురుల లెక్క 2, 3, 4, 5, 6 నిష్పత్తిలో ఉంటుంది. పిల్లలకి ధ్వని పాఠం చెప్పేటప్పుడు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఐదు స్వరాలతో ఒక పటాలం రోజంతా నడుస్తుంది. లేవాలి, వరసలో నిలబడాలి, తిండికి రావాలి, గార్డు మారాలి, జెండా దించాలి, దీపాలార్పాలి. స్వరాలు తక్కువ గనక తేడా అంతా నడకలోనే. ఎక్కడ పొడవు, ఎక్కడ పొట్టి, ఎక్కడ ఆగాలి.

కొత్తగా చేరినవాళ్ళకి ఈ పాటలు గుర్తుండవు. అందుకని అన్ని దేశాల సిపాయిలూ వాటికి మాటలు కట్టుకుంటారు. మావ వాళ్ళు తిండి పిలుపుకి కట్టుకున్నవి నాకు తెలుసు. "రండిరో రండిరో, పప్పు పల్చనా, కూర పల్చనా." అది అధికార్లకి వినపడకుండా పాడుకునేవారట. మిగతా పిలుపులకి కట్టిన మాటలు ఈ పుస్తకంలో రాయదగ్గవి కావు.

కొన్నాళ్ళు నాకు ఈ బూర చరిత్ర మీద పిచ్చి పట్టింది. దొరికినదల్లా చదివాను. చదువుతుంటే అమ్మమ్మ మాట కొంచెం తలకిందులైంది.

బ్యూగిల్ అన్న మాటే లాటిన్‌లో కోడెదూడ అనే మాటలోంచి పుట్టింది. అంటే మొదట అది ఎద్దు కొమ్ము. యూరప్ అడవుల్లో వేటగాళ్ళు ఒకరినొకరు పిలుచుకోవడానికి ఊదేవారు. జంతువు ఎటు పోయిందో, కుక్కల్ని ఎప్పుడు వదలాలో, వేట ఎప్పుడు ముగిసిందో అన్నీ కొమ్ముతోనే. పటాలాల్లో ఆ రోజుల్లో డోలు వాడేవారు. సిపాయిలు భుజం భుజం ఆనించి మైదానంలో గోడలా నడిచేటప్పుడు డోలు చాలు. పద్దెనిమిదో శతాబ్దంలో జర్మన్ రాజ్యాలవాళ్ళు అడవి కాపలాదార్లనీ వేటగాళ్ళనీ సిపాయిలుగా తీసుకున్నారు. వాళ్ళు వరసలో నడవరు. చెట్టుకొకడు, బండకొకడు చెదిరి పోరాడతారు. చెదిరినవాడికి డోలు వినపడదు, అడవిలో డోలు మోసుకుని పరిగెత్తడమూ కుదరదు. కొమ్మైతే కొండ దాటి వినపడుతుంది. అందుకని వాళ్ళు ఇంటి దగ్గర ఊదే కొమ్మే యుద్ధంలోకి వచ్చింది. 1758లో హనోవర్ పటాలంలో అర్ధచంద్రాకారపు రాగి కొమ్ము ఊదారు, భుజానికి పట్టీతో తగిలించుకుని. కొన్నేళ్ళకే ఇంగ్లీషువాళ్ళు దాన్ని తీసుకున్నారు. 1798లో ఏ పనికి ఏ పిలుపో అచ్చువేసి పటాలాలన్నిటికీ ఒకటే చేశారు. తర్వాత అర్ధచంద్రాన్ని చుట్టి ఇప్పుడు మనం చూసే రూపానికి తెచ్చారు. తేలిక పటాలాల గుర్తు ఈనాటికీ బ్యూగిలే. మన మరాఠా లైట్ ఇన్ఫాంట్రీ టోపీ బిళ్ళ మీద చూడండి.

అంటే పోలీసు క్యాంపులో కూసిన బూర కూడా ఒకప్పుడు అడివి మనిషి కొమ్మే. ఎవరి అడివి అన్నది వేరే సంగతి. ఇదంతా నేను ఉత్సాహంగా అమ్మమ్మకి చెప్పాను. అప్పటికి ఆవిడకి చూపు పోయింది. చుట్ట వెలిగించుకుంటూ విని, "మంచం కోళ్ళు కూడా ఒకప్పుడు చెట్టేరా" అంది. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

చరిత్ర చదివేటప్పుడు నన్ను ఎక్కువగా ఆపినవి రాజులూ సేనాపతులూ కాదు, ఊదిన పిల్లలు. ఇంగ్లీషు పటాలాల్లో బ్యూగ్లర్లుగా పిల్లల్ని పెట్టుకునేవారు. 1899 డిసెంబరులో దక్షిణాఫ్రికాలో బోయర్ల మీద యుద్ధం చేస్తూ తుగేలా నది దగ్గర, కొలెన్సో అనే చోట ఇంగ్లీషువాళ్ళు ఓడిపోయారు. అందులో జాన్ డన్ అనే బ్యూగ్లరు గాయపడ్డాడు, వాడి బూర నదిలో పోయింది. వాడికి పద్నాలుగు పదిహేనేళ్ళు. మా హాస్టల్లో తొమ్మిదో తరగతి పిల్ల వయసు. విక్టోరియా రాణి వాడిని పిలిపించి కొత్త బూర ఇచ్చింది. దేశమంతా మెచ్చుకుంది. అంత చిన్న పిల్లాణ్ణి అక్కడికి ఎందుకు పంపారని అడిగినవాళ్ళ మాట మాత్రం అంతగా వినపడదు.

మొదటి ప్రపంచయుద్ధం వచ్చేసరికి బూర పని అయిపోయింది. ఫిరంగుల మోతలో అది ఎవరికి వినపడుతుంది? టెలిఫోను తీగలొచ్చాయి, తర్వాత రేడియో వచ్చింది. అయినా ఆ యుద్ధం ఆగే గడియలో ఒక బూర ఉంది. 1918 నవంబరు 7 రాత్రి, ఫ్రాన్సు ఉత్తరాన లా కాపెల్ దగ్గర, సంధి మాట్లాడడానికి జర్మన్ల కార్లు వస్తుంటే వాళ్ళ మీద తుపాకులు పేలకుండా పియెర్ సెల్లియే అనే ఫ్రెంచి సిపాయి కాల్పులు ఆపమనే పిలుపు ఊదాడు. నాలుగేళ్ళలో ఎందరికో చావుకి ముందు వినపడ్డ బూర అక్కడ బతకండని చెప్పింది.

యుద్ధంలోంచి వెళ్ళిపోయినా బూర చావు దగ్గర మిగిలింది. లాస్ట్ పోస్ట్ అనే పిలుపుంది. మావ దాన్ని "ఆఖరి కాపలా" అనేవాడు. అది మొదట చావు పాట కాదు. రాత్రి అధికారి కాపలా చోట్లన్నీ ఒక్కొక్కటీ చూసుకుంటూ తిరుగుతాడు. ఆఖరి చోటు చూడడం అయింది, ఇక అందరూ పడుకోవచ్చు అని చెప్పే పిలుపు. రోజూ నిద్రపుచ్చే పాటని సమాధి దగ్గర ఊదడం ఎవరికి తోచిందో గానీ మంచి మనసే అయ్యుండాలి. బెల్జియంలో యీప్ర అనే ఊరుంది. అక్కడ మెనిన్ గేటు మీద సమాధి కూడా దొరకని 54 వేలకు పైగా సిపాయిల పేర్లు చెక్కారు. అందులో మనదేశం నుంచి వెళ్ళినవాళ్ళ పేర్లు కూడా ఉన్నాయి. 1928 నుంచి రోజూ రాత్రి ఎనిమిదింటికి అక్కడ లాస్ట్ పోస్ట్ ఊదుతారు. ఊదేది ఆ ఊరి అగ్నిమాపక దళంవాళ్ళు. రెండో యుద్ధంలో జర్మన్లు ఆ ఊరిని పట్టుకున్నప్పుడు ఆగింది. 1944 సెప్టెంబరు 6న ఊరు విడుదలైన సాయంత్రమే మళ్ళీ మొదలైంది, ఇంకా ఊరి చివర కాల్పులు జరుగుతుండగానే.

అమెరికావాళ్ళది వేరే పాట, దాని పేరు ట్యాప్స్. 24 స్వరాలే. 1862లో వాళ్ళ అంతర్యుద్ధంలో బటర్‌ఫీల్డ్ అనే జనరల్ తన బ్యూగ్లర్ని డేరాకి పిలిచి, దీపాలార్పే పిలుపు తనకి నచ్చలేదని, కవరు వెనక గీసిన స్వరాలు చూపించి ఊదించుకున్నాడు. ఆ రాత్రి పక్క పటాలాలవాళ్ళు విని, తర్వాత నేర్చుకున్నారు. ఒకరాత్రి ఒక కొండ మీద పాట పక్క కొండవాళ్ళు పట్టుకోవడం మనకి కొత్తేం కాదు.

మన సైన్యంలో లాస్ట్ పోస్ట్ ఊదుతారు. మావ దాన్ని తన ఉద్యోగంలో చాలాసార్లు ఊదాడు. ఎన్నిసార్లని అడిగితే చెప్పడు. ఊదేటప్పుడు ఏడుపొస్తే ఏం చేసేవాడివి మావా అని అడిగాను. "ఏడిస్తే పెదవి వణుకుద్ది. పెదవి వణికితే స్వరం ఇరుగుద్ది. స్వరం ఇరిగితే ఆళ్ళమ్మ ఇంటాది. అందుకని ముందు రోజు రాత్రే ఏడిసెయ్యాలి" అన్నాడు. ఏజెన్సీ కుర్రాళ్ళ శవపేటికల దగ్గర కూడా ఊదాడు. అటువైపు చనిపోయిన ఏజెన్సీ కుర్రాళ్ళకి ఎవరూ ఏమీ ఊదలేదని కూడా ఆయనే అన్నాడు. ఈ రెండో మాట ఉద్యోగం మానేశాకే అన్నాడు.

సైన్యానికి పోవాలనుకునే తమ్ముళ్ళు ఈ పుస్తకం చదువుతారని తెలుసు. పోవద్దని నేను అనను. 1971 డిసెంబరులో గంగాసాగర్ దగ్గర ప్రాణమిచ్చి పరమవీరచక్ర పొందిన ఆల్బర్ట్ ఎక్కా ఓరాన్ ఆదివాసీ, జార్ఖండ్ గుమ్లా వైపువాడు. ఆయన పేరు మన పిల్లలకి తెలియాలి. మా మావ జీతంతోనే నేను బీఈడీ చదివాను. నేను చెప్పేదల్లా ఆ చేతిలోకి వచ్చే వస్తువు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకుని పట్టుకోమనే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది రాయడానికి కారణమైన సంగతి.

మా బడిలో జెండా పండగకి కొన్నేళ్ళుగా బ్యూగిల్ పాట ఫోన్లోంచి వేస్తున్నాం. ఫోన్ని మైకుకి కలపడం నా పని. రెండేళ్ళ కిందట జెండా పైకి పోతుండగా పాట మధ్యలో ఆగి, గుట్కా లాంటి దేనిదో ప్రకటన వచ్చింది. ఆఫీసర్లున్నారు, సర్పంచి ఉన్నాడు, నాలుగు వందల మంది పిల్లలు సెల్యూట్‌లో ఉన్నారు. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. అందరికంటే గట్టిగా నవ్వింది వెనక కుర్చీలో కూర్చున్న మావ. తర్వాత ఇంటికి పోతూ, "అమెరికావోళ్ళు కూడా నీలాటోళ్ళేరా" అన్నాను అనుకుంటున్నారేమో, కాదు, ఆ సంగతి ఆయనకి నేనే చెప్పాను. అక్కడ ముసలి సిపాయిలు పోతుంటే ఊదడానికి బ్యూగ్లర్లు చాలక, 2003లో బూర లోపల చిన్న యంత్రం పెట్టే పద్ధతి తెచ్చారు. మనిషి బూరని మూతి దగ్గర పెట్టుకుని నిలబడితే చాలు, పాట దానంతటదే వస్తుంది. మావ రోడ్డు మధ్య ఆగిపోయాడు. "ఊదినట్టు నటిస్తాడా? సచ్చినోడి ముందా?" అన్నాడు. ఇంటిదాకా ఇంకేమీ మాట్లాడలేదు.

మర్నాడు బూర దింపి చింతపండుతో తోమి బడికి తెచ్చాడు. తను ఊదలేడు. ముందు పళ్ళు మూడు ఊడిపోయాయి, పళ్ళు లేకపోతే పెదవికి ఆనుడు ఉండదు. "ఎవరన్నా పిల్లనివ్వు" అన్నాడు.

పైపూ గరాటూ పాఠంలో అందరికంటే ఎక్కువసేపు ఊదిన పిల్ల ఒకతి ఉంది. ఎనిమిదో తరగతి. పేరు రాయనా అని అడిగితే వద్దంది. మావ ఆ పిల్లకి మొదటి నెలంతా బూర ముట్టనివ్వలేదు, ఉత్త పెదవులు అదిరించడమే. రెండో నెల ఒక్క స్వరం, ఊపిరి అయిపోయేదాకా. హాస్టల్లో తెల్లారి ఐదింటికి గంట కొట్టకముందే లేచి పెరట్లో సాధన చేసేది. మన ఆశ్రమ పాఠశాలల గంటలన్నీ పటాలం గంటలే కదా, లేవడానికొకటి, స్నానానికొకటి, అన్నానికొకటి. గంట కంటే ముందు లేచి తనే ఇంకొకరిని లేపడం ఆ పిల్లకి బాగా నచ్చింది.

కిందటి ఆగస్టు 15న ఊదింది. మూడో వరసలో స్వరం విరిగింది. దిగి వచ్చి వంటగది వెనక కూర్చుని ఏడుస్తుంటే కెన్నెడీ సంగతి చెప్పాను. 1963 నవంబరులో అమెరికా అధ్యక్షుణ్ణి పూడ్చేటప్పుడు వాళ్ళ సైన్యంలో పేరున్న బ్యూగ్లరు కీత్ క్లార్క్ ట్యాప్స్ ఊదాడు. చలిలో గంటల తరబడి నిలబడ్డాడు. చెవి పక్కనే తుపాకులు పేలాయి. ప్రపంచమంతా టీవీలో చూస్తుండగా ఆరో స్వరం విరిగింది. జనం దాన్ని తప్పు అనుకోలేదు, బూర వెక్కిందనుకున్నారు. పిల్ల ముక్కు తుడుచుకుని, "ఆయనకి ఆరోది ఇరిగింది, నాకు పదకొండోది" అంది. లెక్కపెట్టుకుని ఉంది!

ఇంతవరకూ అందరూ మెచ్చుకున్నారు. చిక్కు తర్వాత వచ్చింది.

మా ఊరి జోడుకొమ్ముల్లో ఒక కొమ్ము ఊదే పెద్దాయన మూడేళ్ళ కిందట పోయాడు. మావకి పళ్ళు లేవు. కుర్రాళ్ళకి డీజే ఉంది. మిగిలిన ఒక్కడు ఒక్క కొమ్ము ఊదుతుంటే అది జోడు కాదు, పిలిచి జవాబు రాని కేకలా ఉంటుంది. దింసా ఆడే ఆడవాళ్ళు కూడా అడుగు తేలిపోతోందని అంటున్నారు. ఈ పిల్ల ఒకరోజు మావ దగ్గరికి వచ్చి, కొమ్ము నేను ఊదనా తాతా అని అడిగింది.

మా ఊళ్ళో ఆడవాళ్ళు ఆడతారు, మగవాళ్ళు వాయిస్తారు. కొమ్ము ఆడపిల్ల ముట్టదు. ముఖ్యంగా ఇటుకల పండక్కి వేటకి పోయేటప్పుడు ఊదే కొమ్ము. మాఘంలో చావడి దగ్గర కూర్చున్నారు, నన్నూ పిలిచారు. గురువు గారు వద్దన్నాడు. కోపంగా కాదు, బాధగా అన్నాడు. "బడిలో సర్కారు బూర ఊదింది, మంచిదే. ఇది దేవుడి కొమ్ము" అన్నాడు. బారికి కూడా అదే మాట. ఒక కుర్రాడు ఫోన్లో రికార్డు చేసి వేద్దామన్నాడు, అప్పుడు మాత్రం మావ లేచి వెళ్ళిపోబోయాడు. నేను ఏం మాట్లాడాలో తెలియక చదివిన చరిత్రంతా మింగి కూర్చున్నాను. పోలీసు బూర ఊదడానికి పనికొచ్చిన పిల్ల మన కొమ్ము ఊదడానికి పనికిరాదా అని అడగాలనిపించింది. కానీ గురువు గారిది కూడా ఉత్త మొండితనం కాదు. బడి, రోడ్డు, చర్చి, టీవీ వచ్చి ఒక్కొక్కటీ తీసుకుపోగా ఆయన చేతిలో మిగిలినవే ఆ నాలుగు నియమాలు. ఇంకొకటి వదలమంటే ఏది ఆఖరిదో ఆయనకెలా తెలుస్తుంది?

చివరికి పిల్ల నానమ్మ మాట్లాడింది. "మా చిన్నప్పుడు పులొస్తే ఎవుళ్ళు ముందు సూస్తే ఆళ్ళే ఊదీవోళ్ళు. ఆడా మగా అడగనేదు" అంది. గురువు గారు చాలాసేపు నేల మీద పుల్లతో గీతలు గీశాడు. దింసాకి ఊదొచ్చు, వేటకి వద్దు అన్నాడు. అదీ ఈ ఏడాదికే. వచ్చే ఏడు మళ్ళీ కూర్చుందామన్నాడు.

మావకి అది చాల్లేదు, పిల్లకి చాలింది. ఇప్పుడు పొద్దున బ్యూగిల్, సాయంత్రం కొమ్ము. హాస్టల్లో మిగతా పిల్లలు చదువుకోవాలని వార్డెన్ గారు అనడంతో సాయంత్రాలు గెడ్డ పక్కకి మారారు, నలభై ఏళ్ళ కిందట అమ్మమ్మ చీపురు పట్టుకుని వచ్చిన బండ దగ్గరికే. మిగిలిన కొమ్ము పెద్దాయన ఈ ఒడ్డున, పిల్ల ఆ ఒడ్డున. ఆయన పిలుస్తాడు, పిల్ల జవాబిస్తుంది. పిల్ల స్వరం ఇంకా కాస్త ముందే అయిపోతోంది. మావ మధ్యలో రాయి మీద కూర్చుని కళ్ళు మూసుకుని వింటాడు, విరిగినప్పుడల్లా ఒక వేలు మడుస్తాడు. నిన్న నేను వెళ్ళేసరికి రెండు వేళ్ళు మడిచి ఉన్నాయి.